కొలబద్ద సరిచేసిన పన్నెండు తీగలు

మా చెక్క ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌ని అందరూ కొలబద్ద అంటారు. బిగించిన స్క్రూ గాడి నిలువుగా నిలబడకపోతే అతనికి అన్నం సహించదు. ఇంట్లో చెప్పులు కూడా గోడకి సమానంగా ఉండాలట. ఈ మాట చెప్పింది అతని భార్యే. ఆవిడ మా దగ్గరే పలకలు నునుపు చేసే సాండింగ్ మెషీన్ మీద పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. అంత నున్నగా పలక దింపే చెయ్యి షెడ్డులో ఇంకొకటి లేదు. నేను స్టోరు చూసుకుంటాను కాబట్టి, ఎవరు ఏం పాడుచేసినా ముందు నాకే తెలుస్తుంది.

కొలబద్దకి ముందు ఆ ఉద్యోగం అతని మామగారిదే. పిల్లనీ పనినీ ఒకే చేత్తో ఇచ్చాడని మేం ఏడిపించేవాళ్లం. ఆయన రిటైరై పెద్దకొడుకు దగ్గర ఉంటున్నాడు. ఉన్నన్నాళ్లూ ఏ తీగ ఎటు వెళ్తుందో ఒక్క కాగితం మీద కూడా గీయలేదు, అన్నీ బుర్రలోనే పెట్టుకున్నాడు.

షెడ్డు వెనక దుమ్ము లాగే యంత్రం ఉంది. పెద్ద ఇనప పెట్టె, లోపల పొడవాటి గుడ్డసంచులు పన్నెండు వరసలు. ఫ్యాను లాగిన పొట్టుని ఆ సంచులు పట్టుకుంటాయి. అది రాలడానికి పది సెకన్లకోసారి ఒక్కో వరసలోకి గాలి ఠప్పున కొడుతుంది. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది ప్యానెల్లోని టైమరు బోర్డు. దాన్నుంచి వాల్వుకొకటి చొప్పున పన్నెండు తీగలు వెళ్తాయి.

ఒకరోజు కొలబద్ద ఆ ప్యానెల్ తుడుద్దామని తెరిచాడు. బోర్డు మీది ఒకటో తీగ ఒకటో వరసకే వెళ్లింది. రెండోది నాలుగో వరసకి, మూడోది ఏడుకి, నాలుగోది పదికి, ఐదోది మళ్లీ వెనక్కొచ్చి రెండుకి. కొలబద్ద తల పట్టుకున్నాడు.

"పాపం, మామయ్యకి చివర్లో చూపు ఆనినట్టు లేదు," అన్నాడు, అందరూ వింటుండగానే.

తీగల చివర తొడిగే నంబర్లు కొత్తవి స్టోర్లోంచి ఇచ్చింది నేనే. సాయంత్రానికి ఒకటికి ఒకటి, రెండుకి రెండు, పన్నెండుకి పన్నెండు. చూడ్డానికి దువ్వి వేసిన జడలా ఉంది. నేను కూడా మెచ్చుకున్నాను, ఎందుకు దాచాలి.

మూడోరోజుకి యంత్రం పీల్పు తగ్గింది. సంచులకి దుమ్ము ఎంత పట్టిందో చూపే మీటరు ముల్లు ఎర్రగీత దాటి, ఇక దిగనని మొండికేసింది. కొలబద్ద ఫ్యాను ఎటు తిరుగుతోందో చూశాడు. సరిగ్గానే తిరుగుతోంది. గాలి ఒత్తిడి సరిపోయినంత ఉంది. వాల్వులు పన్నెండూ ఠప్ ఠప్‌మని వంతులవారీగా కొడుతున్నాయి. టైమరు మార్చాడు. మీటరు మీదే అనుమానమొచ్చి దాన్నీ మార్చాడు. కొత్త ముల్లు కూడా అక్కడికే పోయి కూర్చుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం. కుడితిలో పడ్డ ఎలుకలా ప్యానెలుకీ పెట్టెకీ మధ్య తిరిగేవాడు. అతన్ని చూస్తే నాకు జాలేసేది, కానీ నాకూ ఏమీ పాలుపోలేదు.

అతని భార్య మెషీన్ దుమ్ము లాగే గొట్టానికి చిట్టచివర ఉంది. పీల్పు తగ్గితే మొదట తగ్గేది అక్కడే. మాస్కు మీద మాస్కు కట్టుకున్నా దగ్గు ఆగలేదు. సూపర్‌వైజరు వచ్చి, "మీ ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నట్టున్నాయమ్మా, సోమవారం నుంచి ప్యాకింగుకి వెళ్లండి," అన్నాడు. తనకే జబ్బూ లేదని ఆవిడ చెప్పినా ఆయన వినలేదు. ఆ మెషీనంటే ఆవిడకి ప్రాణం.

"నీ ఛాతీ మొదట్నుంచీ అంతేనేమో," అన్నాడు కొలబద్ద.

"పద్నాలుగేళ్లు లేనిది ఇప్పుడే వచ్చిందాండీ?"

ఆ తర్వాత, యంత్రంలో అన్నీ బాగానే ఉన్నప్పుడు లోపం మనిషిలో ఉండాలి కదా అని నాతో అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ముందు వెళ్లి మీ మామగారిని అడగవయ్యా," అన్నాను.

"అందరి ముందూ అంత మాటన్నాక ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

శుక్రవారం సాయంత్రం నేనే లాక్కెళ్లాను. ముసలాయన వరండాలో రేడియో విప్పి కూర్చున్నాడు. కొలబద్ద ఫ్యాను దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పి, చివర్లో తీగల సంగతి గొణిగాడు.

"వరసగా పెట్టావా?" అన్నాడాయన. "ఒక వరస దులిపితే ఆ దుమ్మంతా తిన్నగా కిందకే పడుతుందనుకున్నావా అల్లుడూ? ఫ్యాను లాగుతూనే ఉందిగా. సగం పోయి పక్క వరసకి అంటుకుంటుంది. వెంటనే ఆ పక్కదాన్ని దులిపితే, దాని పక్కదానికి. అది కింద పడేదెప్పుడు? అందుకే ఎడం ఎడంగా కొట్టించాను."

కొలబద్ద వేళ్ల మీద లెక్కపెట్టాడు: ఒకటి, నాలుగు, ఏడు, పది.

"అమ్మాయి ఫోన్లో దగ్గుతోంది. ఎన్నాళ్లయింది?" అని అడిగాడాయన.

"వారం దాటింది మామయ్యా."

"తీగలు మార్చి?"

కొలబద్ద తల వంచుకున్నాడు. "పది రోజులు."

ముసలాయన రేడియో పక్కకి పెట్టి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

శనివారం పొద్దున్నే మామగారు పెట్టినట్టే తీగలు మళ్లీ చెల్లాచెదురు చేశాడు కొలబద్ద. మధ్యాహ్నానికి ముల్లు దిగింది. భార్య మెషీన్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"తప్పు మీ నాన్నగారిది కాదు. నాది," అన్నాడు.

ఆవిడ పలక మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"అయితే నా ఛాతీ బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది."

"ఆ మాట మీరే వెళ్లి సూపర్‌వైజరుగారికి చెప్పండి. నేను చెబితే ఆయన నమ్మలేదు. మీరూ నమ్మలేదు," అని ఆవిడ మాస్కు పైకి లాక్కుని మెషీన్ ఆన్ చేసింది.