రెండోసారి పాడిన పాట

నేను హెడ్‌ఫోన్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. వినిపించే శబ్దంలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నదే నా రోజువారీ పని. అందుకే ఈ సంగతి మీద నాకింత కోపం.

యలహంక పాత ఊళ్లో మేడమీద గదిలో అద్దెకుంటున్నాను. కింది వాటాలో ఇంటి ఓనరు ఉంటాడు. ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర ఒక క్యాసెట్ ఉంది. ఇటలీ ఒపెరాల్లోంచి ముఖ్యమైన పాటలు ఏరి, జనం ముందు పాడగా రికార్డు చేసినది. ఎప్పుడో బదిలీ మీద వెళ్తూ ఒక ఆఫీసరు సామాను తగ్గించుకోవడానికి ఇచ్చాడట. ఆ భాష ఒక్క ముక్క ఆయనకు రాదు, నాకూ రాదు.

అయినా రెండో వైపు చివరి పాటంటే ఆయనకు ప్రాణం. గాయని పైస్వరం అందుకుని ముగించగానే జనం చప్పట్లతో గోల పెడతారు. ఆ గోల ఎంతకీ ఆగదు. చివరికి ఆవిడ అదే పాట మళ్లీ మొదటినుంచి పాడుతుంది.

"చూసినావాప్పా? మా హిందూపురం దిక్కు నాటకాల్లో పద్యం బాగా పాడితే వన్స్ మోర్ అంటారు. యుద్ధంలో సచ్చి పడిపోయినోడు గూడా లేచి మళ్లా పాడాల్సిందే. పాడి మళ్లా సావాల. ఈళ్లూ మనోళ్లే!" అంటాడాయన.

మొన్న ఆయన టేప్‌రికార్డర్ పూర్తిగా మూలపడింది. అదే సమయానికి హొసకోటెలో కూతురింటికి మారాల్సి వచ్చింది. ఆ పాట పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని వెళ్లాలని ఆయన కోరిక. నన్ను అడగడానికి మొహమాటపడి, ఇలాంటివి చేసిపెట్టే ఒక దుకాణంలో క్యాసెట్ తానే ఇచ్చి వచ్చాడు.

పెన్‌డ్రైవ్ వచ్చాక నా ల్యాప్‌టాప్‌లో పెట్టాం. పాట వచ్చింది. పైస్వరం వచ్చింది. ఆ వెంటనే నిశ్శబ్దం.

"ఏమప్పా, ఆయమ్మ మళ్లా పాడేది యాడికి పోయింది?"

అదే రికార్డింగు వేరేచోట దొరుకుతుందిలే అనుకున్నాను. ఫోన్ యాప్‌లో దొరికింది. పాటలన్నీ ముక్కలు ముక్కలుగా, మధ్యలో పరుపుల ప్రకటన; చప్పట్లు మాత్రం లేవు. పాత సీడీ ఒకటి కొన్నాను. అందులో చప్పట్లు మొదలై రెండు క్షణాల్లో ఆరిపోయాయి. పాత రికార్డులు అమ్మే ఒకాయన తన ప్లేయర్ మీద ఎల్పీ వినిపించాడు. దాన్లోనూ అంతే. ఎల్పీని నేను క్షమించగలను, ఒక్కో వైపు చోటు తక్కువ. సీడీకేం రోగం? బోలెడు చోటు ఖాళీగా పెట్టుకుని మరీ కోశారు. పైన 'ముఖ్యభాగాలు' అని పేరొకటి! ముఖ్యమేదో ఎవరిని అడిగి తేల్చారు?

ఇక మిగిలింది ఆ క్యాసెట్టే. అది ఇంకా దుకాణంలోనే ఉంది. వెళ్లాను.

"అదే పాట రెండుసార్లు ఉండాది సార్. డూప్లికేట్ అనుకొని తీసేసినా" అన్నాడు దుకాణం యజమాని.

"మరి చప్పట్లు?"

"అదంతా నాయిస్ గదా సార్. క్లీన్ చేసిచ్చినందుకు అందరూ థ్యాంక్స్ చెప్తారు, మీరేంది ఇట్ల గొడవకొస్తారు?"

"క్యాసెట్ ఎక్కడ?"

"అంకుల్ తీసుకపోలే. స్క్రాప్‌లో ఏసినా."

స్క్రాప్ వేసే అట్టపెట్టె బోర్లించి ఇద్దరం వెతికాం. దొరికింది, కానీ టేపు బయటికి వచ్చి ఒకచోట మడత పడింది. అక్కడే నిలబడి, అతని కంప్యూటర్లో శబ్దాన్ని శుభ్రం చేసే ఫిల్టర్లన్నీ ఆఫ్ చేయించి, మొత్తం మళ్లీ ఎక్కించమన్నాను.

"ఆ సర్రుమనే సౌండన్నా తగ్గించనా సార్?"

"ఏదీ ముట్టుకోవద్దు."

సాయంత్రం ఓనరు ఇంట్లో పెట్టాను. సగం సామాను కట్టేసి ఉంది. ఆయన చాప మీద కూర్చుని విన్నాడు. పాట అయింది, గోల లేచింది, ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది. ఆయన మొహం వెలిగింది. సరిగ్గా రెండోసారి పైస్వరం దగ్గరికి వచ్చేసరికి శబ్దం బొత్తిగా మూగబోయింది. టేపు మడత పడింది అక్కడే.

నేను తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆడ ఆయమ్మ గొంతు రవ్వంత చీలేదప్పా. మొదటిసారి పాడి పాడి అలసిపోయుంటాది గదా. నాకు అదే ఇష్టం. ఇంగోతూరి పెట్టు."

పెట్టాను. ఆ చోటు రాగానే ఆయన కళ్లు మూసుకుని, పద్యం లాగినట్టు గొంతెత్తి స్వరం అందుకున్నాడు. ఎంత చీలాలో అంతకన్నా ఎక్కువే చీలింది. ఆ వెంటనే టేపులో జనం హోరెత్తారు.

"సరిపోయిందాప్పా?" అన్నాడు రొప్పుతూ.

సరిపోయిందన్నాను. దుకాణం వాడి మీద కోపం మాత్రం నాకు తగ్గలేదు. సీడీ చేసినవాళ్ల మీద అసలు తగ్గలేదు.