మామ్మ మీటకు ఎర్రబొట్టు

మా రేడియో ఇంజినీరు బాబు పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున్న పాలు కాస్తంటే ఫోనొచ్చింది. గుండె పట్టేసిందట, ఆసుపత్రి గేటు కూడా దాటలేదట. పాలు పొంగిపోతంటే చూస్తూ నిలబడిపోయాను.

నాకు చదువు రాదు. నేను చెప్తంటే మా మనవరాలు రాస్తన్నాది. నా మాట మార్చొద్దని దానికి ముందే చెప్పాను.

కోటబొమ్మాళి దగ్గర మాదొక చిన్న రేడియో. చుట్టుపక్కల ఊళ్లకి వినబడతాది. సాయంత్రం అరగంట వరి గురించి, పురుగుల గురించి నేనే మాట్లాడతాను. పాత మిషనుకి రెండే మీటలు. పోయినేడు కొత్త కన్సోలొచ్చింది, బల్ల నిండా మీటలున్న మిషను. మైకులు, ఫోను, పాటల కంప్యూటరు అన్నీ ఒకే నెట్‌వర్కు తీగ మీద దానికి చేరతాయి. ఏ మీటకి ఏ మైకో తెర మీద రాసుండేది. ఆ రాత నాకెలా తెలుస్తాది? ఇంక నన్ను ఇంటికి పంపేస్తారనుకున్నాను.

ఆ కంగారులో ఒక పని చేశాను. కొత్త వస్తువు, ముందు పూజ చెయ్యాలి కదా! బాబు టీకి వెళ్లినప్పుడు మీటలన్నిటికీ పసుపు రాసి కుంకం పెట్టేశాను. కుంకం సందుల్లోకి రాలిపోయింది. మీట జరిపితే గరగరమన్నాది.

ఆయనొచ్చి చూశాడు. నేను తగువుకి సిద్ధంగా నిలబడ్డాను.

"ఏటి మామ్మా, దీనికి పెళ్లి సేసేసినావా?"

"సేస్తే ఏటి? కొత్త కోడలికి బొట్టు పెట్టరేటి?"

"పెడతారు. నోట్లో పొయ్యరు కదమ్మా!"

భోజనం వేళ దాటేదాకా ఒక్కో మీటా ఊడదీసి కుంచెతో దులిపాడు. ఒక్క మాట విసుక్కోలేదు. మర్నాడు అరసవల్లి నుంచి స్టిక్కరు బొట్లు తెచ్చాడు. నా మైకుకి ఎరుపు, ఫోనుకి పచ్చ, పాటకి పసుపు. "రాత రాకపోతే ఏటి, రంగు తెలీదేటి నీకు?" అన్నాడు. ఒక బొత్తాం నొక్కితే అన్నీ నా లెక్కన సర్దుకునేలా అమర్చాడు. మిగతా కార్యక్రమాల వాళ్లకి వాళ్ల అమరికలు వేరే. తర్వాత నాచేత వారం రోజులు మీటలు ఎత్తించాడు. తడబడితే, "మీటని సూడు, నన్ను సూడకు" అనేవాడు. కార్యక్రమం ముందు ఫ్యాను తనే ఆపి, చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి గదిలో చిన్న చప్పుడైనా ఉందేమో వినేవాడు. "మైకు ఎలిగిందంటే ఊళ్లన్నీ మన గుమ్మంలో కూకున్నట్టే మామ్మా" అనేవాడు.

ఇప్పుడు కొత్త ఇంజినీరొచ్చాడు. ఆ బొట్లు పీకేసి, అమరికలన్నీ తుడిచేసి, అందరికీ ఒకటే పెడతాడంట. "పని సులువవుతుంది మామ్మగారూ" అన్నాడు. "ఎవలికి?" అనడిగాను. సోమవారం మా రేడియో నడిపే కమిటీ తేలుస్తాదంట. ఆ మాట విన్నప్పటినుంచి పిండి కలుపుతున్నా వేళ్లు మీటలు వెతుక్కుంటన్నాయి.

కమిటీ పెద్దలూ, ఇది చదివించుకోండి. నా అమరిక పక్కవాళ్ల మీటని ముట్టుకోదు. నావల్ల తప్పు జరిగుంటే ముఖం మీద చెప్పండి. లేకపోతే నన్ను నా కుర్చీలో ఉండనివ్వండి.

నిన్న కార్యక్రమంలో బాబు పోయిన సంగతి చెప్తంటే మాట ఆగిపోయింది. రేడియోలో అంత నిశ్శబ్దం ఉండకూడదు. స్టూడియో అద్దం అవతల, పాటల కంప్యూటరు దగ్గర కొత్తాయన పాట వెయ్యడానికి వేలెత్తాడు. నొక్కలేదు. నేను మళ్లీ మాట అందుకునేదాకా ఆ వేలు అలాగే గాల్లో ఉన్నాది.