ఊగులాట

"ఆదోనికి పోదామా, వద్దా? నువ్వే సెప్పు మే."

"ఉండయ్యా, ఈ నాలుగు పోగులు అతికేస్తా."

నా మొగుడూ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ముందు ఇవి రాయి పాపా. నువ్వు నా మరిది కూతురివి, సదువుకున్నదానివి. నాకు సంతకం పెట్టేది దాటి రాదు.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. ఊగులాట అనే మాట మా ఇంట్లో దినామూ వినపడేది. మగ్గం గుంజ కదిలితే ఊగులాడతాంది అని చెక్కముక్క దూర్చి బిగించేటోళ్ళం. పిల్లకాయల పాలపన్ను ఊగులాడతాది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, దానంతటదే ఊడుతుంది. వాన నిలుస్తాదో లేదో తెలియక ఆలూరు పక్క రైతులు ఇత్తనం చేత పట్టుకొని గట్టు మీద నిలబడితే, అదీ ఊగులాటే.

ఇంక నేను. మా అత్త నన్ను పేరుతో పిలిచింది తక్కువ, "ఊగులాటదానా" అనేది. సంతలో రెండు చీరలు ముందర పెడితే నాకు పొద్దు గుంకేది. "గుంజకైతే చెక్క కొడతాం, నీకు యాడ కొట్టాల్నే?" అని నవ్వి, నా మొగుడే ఒకటి తీసి చంకలో పెట్టేటోడు. వంకాయా బీరకాయా అనేకాడ నుంచి అన్నీ ఆయనే తేల్చేటోడు. నాకు అది హాయిగానే ఉండేది.

ఎనభైల మొదట్లో, నువ్వింకా పుట్టలేదు. ఆపొద్దు పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు అతకతాండాను. వేళ్ళకు బూడిద అద్దుకొని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి మెలిపెట్టేది, వందల పోగులు. మొదలుపెట్టిన చెయ్యే ముగించాల, నడుమ లేస్తే వరస తప్పుతుందని మా నమ్మకం. ఆయన టీ గ్లాసు పట్టుకొని మగ్గం గుంట గట్టున కూర్చొని రొమ్ము రుద్దుకుంటాన్నాడు. అప్పుడే నన్నడిగినాడు, ఆదోని ఆసుపత్రికి పోదామా అని. ఎప్పుడూ అడగని మనిషి నన్నడిగినాడంటే, తేల్చుకునే సత్తువ కూడా లేదని నాకు తెలియాల్సింది.

లేచినాను. దండెం మీది చీర తీసినాను. సగం పడుగు అట్లే ఉంది గదా అని మళ్ళీ కూర్చున్నాను. ఆదోని బస్సు ఒకటి హారను కొట్టి పోయింది. ఇంకోదానికి పోదాంలే అనుకున్నాను. అదీ పోయింది. నోరు తెరిచి పోదాం అన్లేదు, వద్దన్లేదు. ఆఖరి పోగు మెలిపెట్టి తిరిగి చూస్తే ఆయన గోడకు ఒరిగినాడు. చేతిలో గ్లాసు వంగి టీ గుంటలోకి కారతాంది.

మీ నాయన నందవరం నుంచి పరిగెత్తుకొని వచ్చినాడు. "ఒదినా, ఆసుపత్రికి ఎందుకు తీసకపోలేదు?" అన్నాడు.

"నేను పోదామన్నా, మీయన్నే వద్దన్నాడు" అన్నాను.

నా జన్మలో ఊగులాడకుండా చెప్పిన మాట అదొక్కటే.

"మొండోడు, మొండితనంతోనే సచ్చినాడు" అని మీ నాయన శవం మీద పడి ఏడ్చినాడు. ఆ పడుగును మీ నాయనే నేసినాడు. ఒక్క అతుకూ తెగలేదు.

అప్పటినుంచి యేటా పెద్దలకు పెట్టే దినం మీ నాయన ఆకులో అన్నం పెట్టి, "తినన్నా, ఈ అన్నం కాడన్నా మొండికేయొద్దు" అంటాడు. అందరూ నవ్వుతారు. నేను చెంబు పట్టుకొని పక్కన నిలబడతాను. ఈ యేడన్నా చెప్దామని నోటిదాకా తెచ్చి, నీళ్ళు పోసి వచ్చేస్తాను.

మీ నాయనకు ఇప్పుడు కండ్లు ఆనవు, నువ్వే సదివి వినిపించాల. ముందు నాకు సదువు పాపా. మొదటి నుంచి, ఆయన నన్నడిగినకాడ నుంచి సదువు. సరిగ్గా రాసినావో లేదో వింటాను.