సొర నూనె పూసిన బంతి

మొన్న మనవడు కొత్త ఫుట్‌బాల్ తెచ్చి నా ఒళ్ళో పడేస్తే, దాన్ని రెండు చేతులా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. మా కాలంలో బంతి కంటే ముందు దాని కంపు వచ్చేది.

అరవయ్యేడు, అరవయ్యెనిమిది ప్రాంతంలో, భోగాపురం దిగువన సముద్రపొడ్డున మా పల్లెకి ఉన్నది ఒక్కటే తోలు బంతి. ఉప్పునీటికి తోలు చివికిపోకుండా, తెప్పలకి పూసే సొరచేప నూనే దానికీ పూసేవాళ్ళం. ఆ బంతిని తలతో కొట్టినవాడిని ఆ పూట తల్లి ఇంట్లోకి రానిచ్చేది కాదు గానీ, పిల్లులు మాత్రం గుమ్మందాకా సాగనంపేవి. బంతి మా అమ్మకి అన్న అయిన నూకరాజు మావది. విజయనగరంలో మిల్లు జట్టుకి ఆడి, మోకాలు విరగ్గొట్టుకుని, ఆ బంతితోనూ ఒక ఇత్తడి ఈలతోనూ కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఆ కాలితో తెప్ప మీద నిలబడలేడు గనక ఒడ్డున నిలబడి మాకు ఆట నేర్పేవాడు. నీళ్ళు వెనక్కి పోయి ఇసక గట్టిపడిన సాయంత్రాల్లో, తెడ్లు పాతి గోలు కట్టి, చోడంబలి నిండిన కడుపులతో, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలకి కాపున్న ముసలమ్మల తిట్లు తింటూ పరిగెత్తేవాళ్ళం. అయిదో తరగతితో నేనూ బడీ ఒకరినొకరం వదిలించుకున్నాం గానీ, మావ బడి మాత్రం ఒక్క పూట మానలేదు. ఆయన ఈల వేస్తే తప్ప ఆట ఆపకూడదు. తెప్పలు వస్తుంటే ఆయనే ఈల వేసేవాడు. తెప్ప వచ్చిందంటే ఒడ్డున ఎవడున్నా చేతిలో పని వదిలి తాడు పట్టి లాగాలి, అది మా పల్లె కట్టు.

మావకి ఒక్కటే కోరిక, కొడుకు ఎర్రయ్యని సముద్రం మీదికి పంపకూడదని. మా ఎర్రయ్య బావ ఎడమకాలికి బంతి అతుక్కుపోయేది. మిల్లు జట్టులో చేరితే మిల్లులో నౌకరీ ఇస్తారు. ఎంతమందినో బతిమాలితే, దసరా వెళ్ళిన ఒక సాయంత్రం జట్టు పెద్దలిద్దరు జీపులో వచ్చి బావ ఆట చూడ్డానికి కూర్చున్నారు. అత్త వాళ్ళకి వంజరం ముక్కలు వేయించి పెట్టింది. పగలంతా సముద్రంలోనే ఉండే మేం ఆ రోజు మంచినీళ్ళతో స్నానం చేశాం.

బావ బంతితో గోలు దగ్గరికి చేరేసరికి కెరటాల్లో ఒక తెప్ప తిరగబడింది. అందులో మా అయ్య ఉన్నాడు. బావ కాలు బంతి మీదే ఆగిపోయింది. అందరం మావ వైపు చూశాం. మావ జీపు వైపు చూడలేదు. ఈల వేశాడు.

"ఆట రేపాడుకోవచ్చు. తాడట్టండి," అన్నాడు.

బావ అందరికంటే ముందు నీళ్ళలోకి దూకి అయ్యని జుట్టు పట్టి లాక్కొచ్చాడు. మేం వెనక్కి తిరిగేసరికి జీపు లేదు. ఆట మధ్యలో వదిలిపోయేవాళ్ళు జట్టుకి పనికిరారని అత్తతో చెప్పి వెళ్ళారట. వంజరం ముక్కలు మాత్రం మధ్యలో వదల్లేదు.

బావ వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. మరుసటేటి వాయుగుండంలో తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది, బావ రాలేదు.

బావ దినం అయ్యాక ఒక సాయంత్రం మా అయ్య ఇసకలో మావ పక్కన కూర్చుని అన్నాడు.

"ఆయేల నువ్వు ఈలెయ్యకపోతే నీ కొడుకీపాటికి మిల్లులో ఉండీవోడు, బావా."

మావ నూనెగుడ్డతో బంతిని రుద్దుతున్నాడు.

"మరి నువ్వెక్కడుండీవోడివి?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన మాకు ఆట నేర్పలేదు. తెప్పలొచ్చే వేళకి మాత్రం కుంటుకుంటూ వచ్చి అయ్య పక్కనే తాడు పట్టేవాడు.

ఇప్పుడు పడవల్ని ట్రాక్టరు లాగుతోంది, ఎవరి ఆటా ఆగక్కర్లేదు. ఆ ఇసకలో ఆడేవాళ్ళూ లేరు. సొర నూనె ఉందా అని అడిగితే కుర్రాళ్ళు నన్నే వింత చేపని చూసినట్టు చూస్తారు. చివరికి మనవడి బంతికి కొబ్బరి నూనె రాయబోయాను. "ఏటి తాతా, తలకి రాసుకో," అని వాడు బంతి లాక్కుపోయాడు. అరచేతిలో నూనె మిగిలింది. వాసన చూశాను. కొబ్బరి నూనే.