డెబ్బై తొమ్మిదో ఏడు, మా సున్నపు బట్టీ

నా చిన్నప్పుడు రోము దేశపు కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. మాది పిడుగురాళ్ల దగ్గర. అమ్మానాన్నలు సున్నపు బట్టీలో కూలికి పోయేవాళ్లు. నేను బడి మొహం చూడలేదు. మిషను బడిలో చదివిన అక్కే వాళ్ల వసారాలో కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. ఆమె చరిత్ర పుస్తకంలో చెదలు తినగా మిగిలింది ఒక్క సంవత్సరమే, క్రీస్తుశకం డెబ్బై తొమ్మిది. ఆ ఏడు ముసలి చక్రవర్తి పోయాడు, కొడుకు గద్దెనెక్కాడు, కొన్నాళ్లకే నిప్పుల కొండ పగిలి ఊళ్లకు ఊళ్లు బూడిద కింద పడ్డాయి. జనాన్ని కాపాడబోయిన ఓడల దండు పెద్దాయన అలిసిపోయి ఒడ్డున గుడ్డ పరుచుకుని పడుకున్నాడు. విషపు గాలి కమ్మింది. పక్కవాళ్లు పారిపోయారు, ఆయన లేవలేకపోయాడు.

"వెచ్చగా ఉందనో, అలిసిపోయామనో పొగలో పడుకోకూడదే," అనేది అక్క. నేను ఊఁ కొట్టేదాన్ని.

ఒక తుఫానుకు మా పూరిల్లు కూలింది. రెండు రోజులు తడిబట్టలతోనే ఉన్నాం. నాన్న కప్పు గడ్డి కోసం మాచవరం వెళ్లాడు. తమ్ముడు వణికిపోతుంటే, "బట్టీ కాడికి పోదామే అమ్మా" అని నేనే పోరుపెట్టాను. పొద్దున్నే, కాలుతున్న బట్టీ నోటి ముందు పల్లంలో, గోనెపట్టాల చాటున ముగ్గురం పడుకున్నాం. పొగ కంటికి కనపడలేదు, చానా హాయిగా ఉంది. దేవుడే ఆ చోటు చూపించాడనుకున్నాను.

కాసేపటికి తల దిమ్మెక్కి బయటికొచ్చాను. అమ్మను పిలిస్తే పలకలేదు. తమ్ముడి కాలు పట్టి ఊపినా కదల్లేదు.

అరుచుకుంటూ పోయి అక్కను తెచ్చాను. ఆమె పట్టాలు పీకి పారేసింది. "ఊపిరి బిగబట్టవే! లోపల గాలి పీల్చమాక!" ఇద్దరం ముందు వాణ్ని, తర్వాత అమ్మను బయటికి ఈడ్చాం. అమ్మ వాంతి చేసుకుని కళ్లు తెరిచింది. తమ్ముడు తెరవలేదు.

అక్క వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు రుద్దుతూనే ఉంది. నేనే చంపాను ప్రభువా, నన్ను తీసుకుపో అని నేను నేలకు తల కొట్టుకుంటున్నాను.

"చలేసింది, వెచ్చదనం కోరుకున్నావు. అదేమన్నా పాపమా ఏందే? ఏడుపు తర్వాత. వాడి అరికాళ్లు రుద్దు."

రుద్దాను. నా చేతులు మంటెక్కాయి. పొద్దు నడినెత్తికొచ్చాక వాడు మూలిగాడు.

ఇంట్లో ఏ కష్టమొచ్చినా తప్పెవరిదని వెతికే బుద్ధి ఆ రోజుతో నాకు పోయింది. తమ్ముడిప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నాడు, దేవునికి స్తోత్రం. అక్క ఇప్పుడు లేదు, ఆమెకు పిల్లల్లేరు, తలుచుకోవడానికి నేనూ తమ్ముడే మిగిలాం. ఇది చదివినవాళ్లు ప్రార్థనలో ఒక్కసారి మా పక్కింటి అక్కను తలుచుకోండమ్మా.