పోపుల పెట్టెలో తుపాకీ సామాను

ఈ శనివారం పొద్దున వంటింటి ప్రెస్ తలుపు తీసి (ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు, ఇన్నేళ్లు ఉండేసరికి నా నోటికీ అదే అలవాటైపోయింది) అడుగు అరలోంచి పాత పోపుల పెట్టె బయటికి తీస్తుంటే, బల్ల దగ్గర కూర్చుని టోస్టుని ముక్కలు చేసి ప్లేటు అంచున వరసగా పేరుస్తున్న మా ఆయన తలెత్తి, ఇవాళ పులిహోరా అని అడిగారు. కాదండీ, రేంజికి వెళ్తున్నాం కదా అన్నాను. సరేనని తలూపి మళ్లీ టోస్టు పనిలో పడిపోయారు. ఆ పెట్టెలో ఆవాలూ జీలకర్రా ఉండి చాలా కాలమైంది. ఇప్పుడు అందులో ఉండేదంతా తుపాకీ సామాను.

నవ్వకండి. మన వయసువాళ్లు నా మాట కాస్త ఓపిగ్గా వింటారనే ధైర్యంతోనే రాస్తున్నాను. మా ఆయన డబ్లిన్‌కి దక్షిణాన ఉన్న కిల్కెన్నీ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేశారు, నేను అక్కడే ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. ఆయనతోపాటు చదువుకున్నవాళ్లంతా గోల్ఫ్ అనీ, యోగా అనీ, ఏదో ఒక పుణ్యానికో పురుషార్థానికో పనికొచ్చే వ్యాపకం పెట్టుకుంటే, ఈయనకి మాత్రం ఏభై దాటాక తుపాకీల పిచ్చి పట్టింది. అదీ మామూలు తుపాకీ అయితే బాగుండును. గొట్టం మూతిలోంచి మందు పోసి, నూనె రాసిన గుడ్డముక్కలో సీసపు గుండు చుట్టి పెట్టి, పొడుగాటి కడ్డీతో అడుక్కంటా దట్టించి, ఆపైన వెనకవైపు చిటికెన వేలి గోరంత రాగి టోపీ తొడిగితే గానీ పేలని పాతకాలపు సరుకు. ఒక్కసారి పేల్చడానికి కాఫీ డికాక్షన్ దిగినంత సేపు పడుతుంది.

ఆ పిచ్చి అంటించినది మా పొరుగున పొలం ఉన్న ముసలి రైతు. ఆయన తుంటి ఆపరేషన్ కి మత్తిచ్చింది మా ఆయనే. మెలకువ వచ్చాక మాటల్లో పడి, ఊరవతల పాత రాళ్ల గని గుంటలో తమకో చిన్న క్లబ్బుందని, ఒకసారి వచ్చి చూడమని పిలిచాడట. చూడ్డానికని వెళ్లిన మనిషి సాయంత్రం మొహం నిండా మసితో, చెవులదాకా నవ్వుతో తిరిగొచ్చారు. మా పల్నాడులో అడవిపందులు చేలమీద పడకుండా రాత్రుళ్లు కాపలా ఉండేవాళ్ల దగ్గర ఇలాంటి నాటు తుపాకీలుండేవే, ముట్టుకుంటే తాట తీస్తానని మా నాన్న బెదిరించేవాడు, ఇన్నాళ్లకి ముట్టుకున్నానని చిన్నపిల్లాడిలా చెప్పుకొచ్చారు. లైసెన్సు కోసం అర్జీ పెడితే గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఇంటికొచ్చి మెట్ల కింద గోడకి బిగించిన ఇనుప బీరువా చూసి, తాళం లాగి చూసి, ఇంత పాత తుపాకీ ఎందుకు డాక్టర్ అని అడిగితే, గోల్ఫ్ ఆడాలంటే నాకు సిగ్గు అన్నారట ఈయన. ఆ వచ్చినతను గ్రాండ్, అంటే బాగుంది, అని రాసుకుని వెళ్లిపోయాడు.

నేను ఊరుకున్నానా, లేదు. ఎదిగిన కూతురున్న ఇంట్లో ఈ గొడవేమిటని వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత నేనే మెత్తబడి వెంట వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లాక నా కంట పడింది ఆయన సంచి. అమ్మో, ఆ సంచి! గుడ్డముక్కలూ సీసపు గుళ్లూ ఒకే డబ్బాలో, రాగి టోపీలు కోటు జేబులో చిల్లరతో కలిసి, గొట్టం తుడిచే బ్రష్షు నా ఇడ్లీ గుడ్డలో చుట్టి. ఆపరేషన్ థియేటర్లో సిరంజి అంగుళం పక్కకి జరిగితే నర్సుల మీద చిరాకుపడే మనిషి, ఇక్కడ మాత్రం అంతా గాలికొదిలేశారు. ఆ రాత్రే పాత పోపుల పెట్టె కడిగి ఆరబెట్టాను. మెంతుల గిన్నెలో టోపీలు, ధనియాల గిన్నెలో గుళ్లు, ఎండుమిరపకాయల చోట గుండ్రంగా కత్తిరించిన గుడ్డముక్కలు. క్లబ్బులోవాళ్లు ఆ పెట్టె చుట్టూ మూగి చూసి ముచ్చటపడ్డారు. రైతు భార్య తనకీ ఒకటి కావాలంటే ఇండియా నుంచి తెప్పించి ఇచ్చాను, అయితే పాపం ఆవిడ అందులో గుండీలు దాచుకుంది.

గుడ్డముక్కలకి రాయడానికి రైతు ఇచ్చిన డబ్బాలో ఉన్నది గొడ్డు కొవ్వని తెలిశాక ఇంకో యుద్ధం జరిగింది. ఆసుపత్రిలో ఏం ముట్టుకుంటారో నాకనవసరం, నా పోపుల పెట్టెలోకి మాత్రం అది రావడానికి వీల్లేదన్నాను. తేనెమైనం కరిగించి అందులో నెయ్యి కలిపి నేనే ఒక ముద్ద తయారుచేశాను. చలికి గట్టిపడితే కాస్త కొబ్బరినూనె చేర్చి సరిచేశాను. అది రాసిన గుడ్డతో మొదటిసారి పేల్చినప్పుడు మందు పొగా, కాలిన నెయ్యి కమ్మదనమూ కలిసి, ఆ వానలో ఆ రాళ్ల గుంటలో అచ్చం దీపావళి పూట మా గుంటూరింటి వాకిట్లో వచ్చే వాసన వచ్చింది. ఒక పక్క మతాబులు, ఒక పక్క వంటింట్లో అరిసెలు. ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ క్షణాన నాకు ఆ తుపాకీ మీదున్న కోపమంతా పోయింది.

దసరాకి ఆయుధపూజ కూడా చేశానండోయ్. గొట్టానికి తడి పసుపు పూసి మూడుచోట్ల కుంకుమ బొట్లు పెట్టి, పండగ పూట తుడవకూడదని మర్నాటిదాకా అలాగే ఉంచాను. తెల్లారేసరికి బొట్టు పెట్టిన చోటల్లా తుప్పు. రైతు వచ్చి చూసి, ఈ తుపాకీకి తట్టు పోసిందా అన్నాడు. ఇద్దరూ కూర్చుని సన్నటి ఇనుప పీచుతో రుద్దీ రుద్దీ వదలగొట్టారు. మరుసటేడు బొట్టు తుపాకీ చెక్కపిడి మీదే పెట్టాను.

ఆ రోజుల్లో మెయ్‌నూత్ నుంచి, డబ్లిన్ అవతలి నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పెళ్లాం పిల్లలతో భోజనానికి వచ్చేవాళ్లు. ఒక్క గుండుకి ఇంతసేపా అంకుల్ అని వాళ్లు ఆశ్చర్యపోతే, తొందరేముందిరా, ఇదేమన్నా మీ డెడ్‌లైనా అని నవ్వేవారు ఈయన. ఎదుటివాళ్లకి నేర్పడమంటే ఆయనకి ప్రాణం. నాకూ నేర్పారు. క్లబ్బు తుపాకీతో, నా భుజం సరిచేస్తూ, ఊపిరి వదిలాక ట్రిగ్గర్ నొక్కు, లాగకు, నొక్కు అని చెప్పిందే చెప్పి. నాకు రాదు పొమ్మంటే, ల్యాబులో సూదితో పిల్లల నరం పట్టుకునే దానివి, ఇది రాకపోవడమేమిటే అనేవారు.

రిటైరైన రెండో ఏడో మూడో ఏడో, సరిగా గుర్తులేదు, ఒక శనివారం ఆయన దట్టించిన కడ్డీ గొట్టం మూతి దగ్గర ఉండవలసిన దానికంటే బొటనవేలంత ఎత్తుగా నిలబడింది. కడ్డీ మీద ఒక గీత ఉంటుంది. మందూ గుండూ సరిగ్గా పడితే ఆ గీత మూతితో సమానంగా వస్తుంది, పైకి ఉందంటే లోపల ఏదో ఎక్కువైనట్టు. రైతు అది చూసి, మెల్లిగా వచ్చి గొట్టం మీద చెయ్యి వేసి, ముందు టీ తాగుదాం డాక్టర్ అన్నాడు. ఈయన టీ తాగుతుంటే అవతలికి తీసుకెళ్లి గుండు ఊడబెరికి చూస్తే లోపల రెండు మోతాదుల మందుంది. ఒకసారి పోసి, పోసిన సంగతి మరిచిపోయి, మళ్లీ పోశారన్నమాట. పేల్చి ఉంటే గొట్టం పగిలేది, చెయ్యి ఏమయ్యేదో చెప్పలేం. రైతు నాతో కారు దగ్గర ఈ సంగతి చెబుతూ నా మొహం చూడలేక బూట్లకి అంటిన బురద వైపే చూస్తూ మాట్లాడాడు.

ఇంట్లో నేను చూస్తూనే ఉన్నాను కదా. తాళాలు, పేర్లు, గ్యాస్ పొయ్యి. వయసు అనుకుంటూ దాటేస్తూ వచ్చాను. ఆ రోజుతో దాటెయ్యడానికి లేకపోయింది. ఆపేద్దామండీ అనడానికి నోరు రాలేదు, ఆయనకి మిగిలిన సరదా అదొక్కటే. అందుకని ల్యాబులో వాడే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు కొత్తవి కొన్ని తెప్పించి, ఒక్కోదాంట్లో సరిగ్గా ఒక్కసారికి సరిపడా మందు పోసి మూతపెట్టి, పెట్టెలో నిలబెట్టాను. మందు పొయ్యగానే ఖాళీ గొట్టం ఆయన బోర్లించాలి. ఒక గొట్టం బోర్లా ఉండి, తుపాకీ ఇంకా పేలలేదంటే మందు పడిందన్నట్టు. రైతు పక్కనే నిలబడి అది కనిపెట్టుకుంటాడు. మా ఆయనకి కారణం చెప్పలేదు, అన్నీ పద్ధతిగా ఉంటాయని మాత్రం అన్నాను. ఆయన ఒక గొట్టం ఎత్తి వెలుగులోకి పట్టుకుని, ఎవరి శాంపిలే ఇది అని జోకేశారు. క్లబ్బంతా నవ్వింది. ప్రతి శనివారం అదే జోకు, అందరిదీ అదే నవ్వూ.

అలా చాలాకాలమే నడిచింది. ఒక చలికాలం పొద్దున ఆయన గొట్టం ఎత్తి పట్టుకుని ఎవరి శాంపిల్ ఇది అన్నారు. అలవాటుగా అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. జవాబు కోసం చూస్తున్నారు. పేషెంటు పేరు రాయకుండా శాంపిల్ పంపితే ఎలా అని, థియేటర్లో నర్సులతో మాట్లాడే గొంతుతో అడిగారు. రైతు తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను ఆయన చేతిలోంచి గొట్టం తీసుకుని, పేరు రాయిస్తానండీ అన్నాను.

అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. మత్తుమందు నొప్పిని తీసెయ్యదు, నొప్పి కబురు మనదాకా రాకుండా మధ్యలో ఆపుతుందంతే అని ఆయన పేషెంట్లకి చెప్పేవారు. నా సంగతీ అలాగే ఉంది. మొద్దుబారిపోయాను. లోపల ఎక్కడో జరుగుతోందని తెలుసు, ఇక్కడిదాకా రావడం లేదు. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర కూర్చుని ఆ జబ్బు పేరు విన్నప్పుడు కూడా, వచ్చేటప్పుడు పెరుగు తీసుకోవాలనే గుర్తుచేసుకున్నాను.

లైసెన్సు వదులుకోక తప్పలేదు. లెపర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఫోన్ చేసి, "మామ్, జస్ట్ హ్యాండ్ ఇట్ ఇన్ టు ద గార్డ్స్, లైక్. వై వుడ్ యూ కీప్ ఇట్?" అంది. దానికి మన మాట అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ వాళ్ల యాసలోనే వస్తుంది. దాని భయం దానిది, తప్పుపట్టను. కానీ శనివారం వచ్చేసరికి మనిషి పొద్దున్నే లేచి, తనంతట తను ఆ మసిపట్టిన కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతున్నారు. ఎక్కడికో తెలియదు, వెళ్లాలని మాత్రం తెలుసు. ఒట్టిచేతులతో అక్కడికి తీసుకెళ్లి ఏం చూపించను? అందుకని ఈ వయసులో నేను క్లబ్బులో శిక్షణకి కూర్చుని, రైతు చేతా ఇంకొకాయన చేతా సంతకాలు పెట్టించుకుని, లైసెన్సు నా పేరు మీదికి తెచ్చుకున్నాను. తుపాకీ ఇంట్లో లేదు, మందూ లేదు. రెండూ ఊళ్లో తుపాకుల దుకాణం వాళ్ల దగ్గరే ఉంటాయి, వెళ్లేటప్పుడు తీసుకుని వచ్చేటప్పుడు ఇచ్చేస్తాను. ఇంట్లో ఉండేది ఈ పెట్టె ఒక్కటే.

ఇవాళ కూడా అలాగే సర్దుకుని వెళ్లాం. వాన లేదు గానీ గాలి విసురుగా ఉంది. రైతు ఇప్పుడు కర్రతో నడుస్తున్నాడు, అయినా మా ఆయనకి కుర్చీ వేసి, చెవులకి మఫ్స్ పెట్టి, పక్కన కూర్చున్నాడు. నేను మందు పోసి, ఖాళీ ప్లాస్టిక్ గొట్టం బోర్లించి, గుడ్డలో గుండు పెట్టి దట్టించాను. కడ్డీ గీత మూతికి సరిగ్గా వచ్చింది. టోపీ తొడిగి, ఊపిరి వదిలి, లాగకుండా నొక్కాను. పొగ తేలిపోయాక చూస్తే గుండు నడిమి వలయంలోనే పడింది. వెనకనుంచి చప్పట్లు వినబడితే తిరిగి చూశాను. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి కొడుతున్నారు. దగ్గరికి వెళితే, కొత్తవాళ్లని మెచ్చుకునేటప్పుడు పెట్టే ఆ నిండు మొహంతో, ఎంతో మర్యాదగా అడిగారు.

"చాలా బాగా కొట్టారమ్మా. ఎవరు నేర్పారు మీకు?"

"మా ఆయన నేర్పారండీ."

"ఓపికున్న మనిషే అయ్యుంటాడు" అని తలూపి, చుట్టూ చూసి, "ఆయన రాలేదా ఇవాళ?" అన్నారు.

రైతుకి తెలుగు రాదు కాబట్టి మా ఇద్దరి మొహాలూ చూసి, అంతా గ్రాండేనా అని అడిగాడు. గ్రాండే అన్నాను. ఫ్లాస్కు మూత తీసి కప్పులో టీ పోసి మా ఆయన చేతికిచ్చాను. వేడిగా ఉందేమోనని ఆయనే ముందు ఊది, నువ్వు తాగు అన్నట్టు నా వైపు జరిపారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఆ గాలిలో, ఆ నేతి వాసనలో, అందరి ముందూ, ఇన్నాళ్లదీ కలిపి ఏడ్చాను. ఎవరీవిడ, ఎందుకేడుస్తోందని ఆయన కంగారుపడి నా వీపు నిమిరారు.

ఒకప్పుడు వారానికో రోజు సెలవు దొరికితే ఈ గుంటలోకి ఈడ్చుకొస్తారేమిటని విసుక్కుంటూ ఆయన వెనకాల నడిచేదాన్ని, అడుగడుక్కీ ఎక్కడికండీ, ఇంకెంతసేపండీ అంటూ. ఇప్పుడు ఆయనే నా వెనకాల నడుస్తున్నారు, ఒక్కసారైనా ఎక్కడికని అడగకుండా.