పచ్చ ఇంజను స్ప్రింగు

మా శేషన్నను ఏ వస్తువు గురించి అడిగినా ఒకే ముక్కలో అడగాలి. ముందు వస్తువు పేరు చెప్పాలి, అంతే. దాని చుట్టూ కథ అల్లితే ఆయనకు వినపడదు. చెవుడు కాదు, అలవాటు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, కోడుమూరు దారిలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో నేను ఫిట్టరుని, శేషన్న స్టోరుకీపరు. అరల నిండా నాలుగు వేల సామాన్లు. ఆయన స్టూలు మీద నుంచి లేవకుండా, తల తిప్పకుండా చెప్పేవాడు.

"పన్నెండో నంబరు స్పానరు," అనేవాణ్ణి.

"రెండో అర. రెండుండాయి. చెయ్యి పెట్టంగానే దొరికేది అరిగిపోయినాది. దాని వెనకది తీసుకో."

తీసి చూస్తే అక్షరాలా అంతే.

ఒకసారి ఒక పెద్ద ఇంజనీరు వచ్చి, తన జీపు ఏ గుంటలో పడిందో, నట్టు ఎట్లా ఊడిందో పది నిమిషాలు వివరించాడు. శేషన్న రేకుల పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, వింటున్నావా?"

"పేరు ఇంకా రాలేదు సార్."

సామాన్ల జాడ ఒక్కటే కాదు, ఏ ఊరి ఇంజనును ఎట్లా అమర్చాలో కూడా ఆయన నోట్లోనే ఉండేది.

"కోయిలకుంట్ల వీరభద్రయ్య ఇంజను, వాల్వు సందు?"

"పోస్టుకార్డు మందం."

"కొత్త కార్డా, పాతదా?" అని ఎగతాళి చేశాను.

"తడవనిది," అన్నాడు నవ్వకుండా.

నమ్మలేక, సందు కొలిచే సన్నని ఇనుప రేకులు దూర్చి చూశాను. వెంట్రుకంత తేడా లేదు. ఆ రోజు నుంచి ఆయన్ను చూస్తే నాకు కొంచెం భయం, శానా గౌరవం.

ఒక ఎండాకాలం ఓర్వకల్లు నుంచి లక్ష్మక్క అనే రైతమ్మ వచ్చింది. భర్త జ్వరంతో మంచంలో ఉన్నాడు. బావి మీది ఇంజను ఆగిపోయింది. మూడు రోజుల్లో నీళ్లు పారకపోతే రెండెకరాల మిరపతోట మాడిపోతుంది. ఆమెకు ఏ సామాను పేరూ తెలియదు. కథంతా మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇక పైకప్పు చూస్తాడులే అని షెడ్డులో ఫిట్టర్లం ఒకరినొకరం పొడుచుకున్నాం.

శేషన్న స్టూలు దిగి వచ్చి, ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"శబ్దం ఎట్లొచ్చె అక్కా?"

"టప్పుమని ఒగటి ఎగిరిపాయ నాయనా. అప్పట్నించి దగ్గుతాంది."

"ఎగిరింది సుట్టలు సుట్టలుగా ఉండెనా?"

"ఆ, మా పాప ఉంగరాల జుట్టు మాదిరి."

"వాల్వు స్ప్రింగు. ఇంజను ఏ కంపెనీది?"

"పచ్చది."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఆ కంపెనీ మూతపడి ఐదేండ్లాయ. మా కాడ లేదు, మద్రాసులో కూడా దొరకదు," అన్నాడు.

లక్ష్మక్క కొంగు సర్దుకుని లేచింది. శేషన్న కళ్లు మూసుకున్నాడు.

"కూచో అక్కా. కోడుమూరులో మారెన్న కొట్టం. జొన్నసొప్ప వెనక పచ్చ ఇంజను మూలకు పడుండాది. సిలిండరు పగిలింది గానీ స్ప్రింగు గట్టిగుండాది."

"నీకెట్ల తెలుసన్నా?" అన్నాను.

"ఆదివారాలు సైకిలేసుకోని ఊర్లు తిరుగుతాంటా. పాడైన ఇంజన్లు యాడుంటే ఆడ నిలబడి చూసొస్తా. కొత్త సామాను తెప్పించుకోలేనోళ్లు వస్తారు గదప్పా."

ఆదివారాలు ఆయన పేకాటకు పోతాడని రెండేళ్లుగా మేం చెప్పుకుంటున్నాం.

ఆ సాయంత్రమే శేషన్నా నేనూ బస్సెక్కి కోడుమూరు పోయాం. మారెన్న కోళ్లను తోలి దారిచ్చాడు. "పీక్కపోండప్పా. ఆ ఇంజను నాకు కోళ్లు గుడ్లు పెట్టనీకి తప్ప దేనికీ పనికిరాదు," అన్నాడు. మర్నాడు ఓర్వకల్లులో శేషన్న స్ప్రింగు వేసి, సందు సరిచేసి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. కాలవలోకి నీళ్లు దూకాయి.

లక్ష్మక్క పెట్టిన జొన్నరొట్టెలు రెండు తిని, శేషన్న ఆ మోతకు నాలుగడుగుల దూరంలోనే గట్టు మీద ఒరిగి నిద్రపోయాడు. బస్సు టైమైంది. భుజం పట్టి ఊపాను. గురక ఇంకా పెరిగింది.

"పండుకోనీ నాయనా," అంది లక్ష్మక్క, ఆయన మొహానికి ఎండ తగలకుండా తలపాగా జరుపుతూ. "మాపటికి ఇంకో బస్సుండాది."

నేను కాళ్లు కాలవలో పెట్టుకుని, ఇంకో రొట్టె అడిగాను.